తిరుపతి నుంచి నియా గుహలకు: ఎలా వెళ్ళాలి, ఎలా చూడాలి

బోర్నియో దీవిలో మలేషియా కింద ఉన్న సారవాక్ రాష్ట్రంలో, మిరి పట్నం నుంచి కారులో గంటన్నర, రెండు గంటలు పోతే నియా నేషనల్ పార్కు వస్తుంది. ఎడతెగని వానల అడవి, మధ్యలో సుబిస్ అనే సున్నపురాతి కొండ, ఆ కొండ కడుపులో గుహలు. ఆ గుహల నేలలో కనీసం 50,000 ఏళ్ళ మనిషి ఆనవాళ్ళు ఉన్నాయని 2024లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత దూరం పోయినవాళ్ళలో చాలామంది పెద్ద గుహ ముందు ఫోటోలు దిగి, గబ్బిలాల వాసనకు ముక్కు మూసుకుని, రెండు గంటల్లో వెనక్కి తిరుగుతారు. చూడాల్సిన నేలను చూడరు, సాయంత్రం దాకా ఉండరు. సమయం ముందుగా లెక్కేసుకుని, గుహలు చూసే వరుస మార్చుకుంటే ఆ నష్టం ఉండదు. అందుకే ఇక్కడ దారి ఖర్చుల కంటే ఆ ఒక్క రోజు గురించే ఎక్కువ రాశాం.

ఒక మాట ముందే. సారవాక్‌లోనే ములు అనే ఇంకో గుహల పార్కు ఉంది. దానికి మిరి నుంచి చిన్న విమానంలో పోవాలి. బుకింగ్ చేసేటప్పుడు ఈ రెండు పేర్లూ కలిపేసుకునేవాళ్ళు ఉన్నారు. నియాకు రోడ్డు ఉంది, విమానం అక్కర్లేదు.

బయల్దేరే ముందు

పాస్‌పోర్టు గడువు మలేషియాలో దిగే రోజు నుంచి ఇంకా 6 నెలలైనా ఉండాలి. లేకపోతే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రెన్యువల్ చేయించుకున్నాకే టికెట్ కొనండి. భారతీయులకు 30 రోజుల లోపు పర్యటనకు మలేషియా ఇస్తున్న వీసా మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంది. వీసా లేకపోయినా డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం నింపాలి. దిగే రోజుకు ముందు 3 రోజుల్లోపే అది తీసుకుంటుంది. నెల ముందు కూర్చుంటే పని కాదు. ఈ కార్డుకు రుసుము లేదు. డబ్బు అడిగే సైటు కనిపించిందంటే అది మలేషియా ప్రభుత్వానిది కాదు, మూసేయండి. వెనక్కి వచ్చే టికెట్, గది బుకింగ్ కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి. ఇమిగ్రేషన్ దగ్గర అడిగితే ఫోనులో వెతుక్కునే బాధ ఉండదు.

నెలల సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలు అక్కడ గట్టిగా కురుస్తాయి. మనకు పుత్తూరు, సత్యవేడు వైపు వానలు పడే కాలమే, కానీ అక్కడి వాన వేరు. గుహలకు పోయే చెక్కదారి పాచి పడుతుంది, ఏరు పొంగుతుంది. మార్చి నుంచి జులై దాకా మేలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కొన్నేళ్ళు అడవుల మంటల పొగ కమ్ముతుంది. జూన్ 1, 2 తేదీల్లో అక్కడి ఇబాన్ తెగవాళ్ళ గవాయ్ పండగ. మన సంక్రాంతి లాంటి కోతల పండగ అది. ఊళ్ళు చూడ్డానికి బాగుంటుంది గానీ బళ్ళు, గదులు దొరకడం కష్టం.

కాళ్ళకు అలవాటు. పార్కు ఆఫీసు నుంచి చివరి గుహ దాకా పోయి రావడం దాదాపు 9, 10 కిలోమీటర్లు. బయట దారి చదునే, గుహ లోపల మాత్రం తడి చెక్కమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కి, ఆ తర్వాత మోకాళ్ళు పట్టేయకుండా మర్నాడు మామూలుగా తిరగగలిగితే నియా మీకు కష్టం కాదు. ప్రయాణానికి ముందు నెలలో రెండుసార్లు ఎక్కి చూడండి. ఒకసారి నడిచే దిగండి కూడా. నియాలో మోకాళ్ళను పరీక్షించేది దిగుడే.

చెన్నైకి, అక్కణ్ణుంచి మిరికి

రేణిగుంట నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం లేదు. తిరుపతివాళ్ళకు చెన్నై దగ్గర. చిత్తూరువాళ్ళు రాణిపేట, శ్రీపెరంబుదూరు మీదుగా చెన్నైకి పోవచ్చు, లేదా ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరుకు పోవచ్చు. పలమనేరు వైపు ఉండేవాళ్ళకైతే బెంగళూరే నయం.

చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు సుమారు 4 గంటలు. అర్ధరాత్రి ప్రాంతంలో బయల్దేరే విమానాలు ఎక్కువ. జనం తప్పు చేసేది ఇక్కడే. టికెట్ మీద 15వ తేదీ అర్ధరాత్రి 12 గంటల 10 నిమిషాలు (00:10) అని ఉంటే, మీరు తిరుపతిలో బయల్దేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. 15 రాత్రి పోతే విమానం వెళ్ళిపోయి 24 గంటలు అయివుంటుంది. లెక్క ఇలా వేసుకోండి: రోడ్డు మీద 4 గంటలు, ఎయిర్‌పోర్టులో 3 గంటలు, చెన్నై పొలిమేర ట్రాఫిక్‌కు ఒక గంట. అంటే విమానం టైముకు 8 గంటల ముందు ఇంట్లో కాలు బయట పెట్టాలి. రైల్లో పోతే చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రోలోనే ఎయిర్‌పోర్టుకు చేరొచ్చు. సామాను తక్కువగా ఉన్నవాళ్ళకు అదే సుఖం.

కౌలాలంపూర్ నుంచి మిరికి మరో రెండు గంటల పైచిలుకు. రెండు టికెట్లూ విడివిడిగా కొనుంటే కౌలాలంపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి, పెట్టె తీసుకుని, మళ్ళీ ఇవ్వాలి. అక్కడ రెండు టెర్మినళ్ళు ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి రైలో బస్సో ఎక్కాలి. అందుకని మధ్యలో 4 గంటలకు తగ్గకుండా ఉంచుకోండి. ఒకే టికెట్ అయితే చెన్నైలోనే అడగండి, పెట్టె మిరి దాకా పోతుందా లేదా అని.

ఇక్కడొక ముఖ్య విషయం. సారవాక్‌కు సొంత ఇమిగ్రేషన్ ఉంది. కౌలాలంపూర్ నుంచి మిరికి పోయేది దేశంలోపలి విమానమే అయినా దిగాక మళ్ళీ పాస్‌పోర్టు చూపాలి, మళ్ళీ ముద్ర వేస్తారు. లోపలి ప్రయాణమే కదా అని పాస్‌పోర్టు పెట్టెలో పడేసి లోడింగ్‌కు ఇచ్చేసినవాళ్ళు ఆ కౌంటర్ దగ్గర చిక్కుకుంటారు. పాస్‌పోర్టు చేతి సంచిలోనే. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే. పెట్టెలో పెడితే దింపేస్తారు.

గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోండి. ప్లగ్గులు మూడు చదరపు పుల్లలవి, మన గుండ్రటి పిన్నులు పట్టవు. తిరుపతిలోనే ఒక అడాప్టర్ కొనుక్కోండి.

సంచిలో ఏం ఉండాలి

తలకు కట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒకటి, గుంపుకు మరో రెండు అదనం, బ్యాటరీలు కొత్తవి. ఫోను టార్చి చాలదు. ఆరడుగుల గదిలో వెలుగు గోడకు తగిలి మన మీదికి తిరిగొస్తుంది. నియా గుహలో గోడ ఎక్కడో ఉంటుంది, వెలుగు అటే పోయి ఆరిపోతుంది. పైగా మెట్ల మీద ఒక చెయ్యి కమ్మీకి కావాలి, ఇంకో చెయ్యి ఫోనుకు పోతే జారినప్పుడు పట్టుకోవడానికేమీ ఉండదు.

బూట్లకు అడుగున లోతైన గాళ్ళు ఉన్న రబ్బరు సోలు ఉండాలి. నున్నటి సోలు ఉన్న వాకింగ్ షూస్ తడి చెక్క మీద సబ్బు ముక్కలా జారతాయి. మిరి అంగళ్ళలో కంపుంగ్ అడిడాస్ అని నల్ల రబ్బరు బూట్లు చవగ్గా దొరుకుతాయి. రబ్బరు తోటల్లో పనిచేసేవాళ్ళు వేసుకునేవి. చూడ్డానికి సాదాగా ఉంటాయి గానీ పట్టు గట్టిది. ఒక జత కొనుక్కుంటే మీ మంచి బూట్లు పాడుకావు.

ఎన్95 మాస్కులు మనిషికి రెండు. తోట పనికి వాడే పలచటి గ్లవ్స్ ఒక జత, కమ్మీలు పట్టుకోవడానికి. అంచున్న టోపీ. నీళ్ళు మనిషికి 2 లీటర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. వానకోటు, దోమల మందు. ఒక చిన్న బైనాక్యులర్ కూడా, అది ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

తిండి సంగతి శాకాహారులకు జాగ్రత్తగా చెప్పాలి. పార్కు చుట్టుపక్కల మీరు అడిగినట్టు దొరకదు. నిప్పట్లు, మురుకులు, చెనిక్కాయ ఉండలు, బొరుగులు, కంది పొడి తీసుకుపోండి. తాజా పండ్లు, కరివేపాకు, విత్తనాలు, మొక్కలు వద్దు. సారవాక్‌లో మొక్కల తనిఖీ వేరుగా ఉంటుంది. హోటల్లో కూరగాయలే కదా అని తెప్పించుకున్న పళ్ళెంలో బెలాచన్ ఉండొచ్చు. అది ఎండు రొయ్యల ముద్ద, ఆకుకూర వేపుళ్ళలో కూడా వేస్తారు. కాబట్టి రెండు మాటలు నేర్చుకోండి. సాయుర్ సహజా అంటే కూరగాయలు మాత్రమే. తన్పా బెలాచన్ అంటే రొయ్యల ముద్ద లేకుండా. పిలవడానికి, మనం అన్నా అన్నట్టు వాళ్ళు అబాంగ్ అంటారు, అక్కా అన్నట్టు కకా అంటారు. ఆ పిలుపుతో మొదలుపెడితే సగం పని అవుతుంది.

మిరి నుంచి పార్కుకు

మూడు దారులు. మొదటిది, మిరిలో కారు అద్దెకు తీసుకోవడం. అక్కడా ఎడమవైపే నడపాలి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ముందే ఇక్కడి రవాణా శాఖ నుంచి తీసుకోవాలి. రెండోది, మిరిలో ట్యాక్సీ రానూ పోనూ మాట్లాడుకోవడం. మూడోది, బింతులు వైపు పోయే బస్సెక్కి నియా జంక్షన్‌లో దిగి, అక్కణ్ణుంచి ఇంకో బండి పట్టుకుని సుమారు 15 కిలోమీటర్లు లోపలికి పోవడం. మూడోది చవక. అయితే జంక్షన్ నుంచి పోయిన బండినే మర్నాడు ఎన్నింటికి రావాలో అప్పుడే మాట్లాడుకోండి. పార్కు గేటు దగ్గర ఆటో స్టాండ్ లాంటిదేమీ ఉండదు. నగదు రింగిట్లు మిరిలోనే తీసుకోండి, చిన్న నోట్లుగా.

పార్కు లోపల, పంకలాన్ లుబాంగ్ అనే చోట ఆఫీసు, గదులు, హాస్టల్ ఉన్నాయి. సారవాక్ ఫారెస్ట్రీ కార్పొరేషన్ సైటులో ముందే బుక్ చేసుకోవాలి. ఒక్క రాత్రి అక్కడే పడుకోండని గట్టిగా చెబుతున్నాం. పొద్దున మిరి నుంచి వచ్చి సాయంత్రానికి మిరి చేరాలనుకునేవాళ్ళకు గుహలో అసలైన గంట దక్కదు.

గుహల రోజు

మామూలుగా పొద్దున 9కి మొదలుపెట్టి దారిలో వచ్చిన ప్రతి గుహ దగ్గరా ఆగుతూ పోతారు. చివరి గుహకు చేరేసరికి ఒళ్ళు అలిసిపోతుంది, మధ్యాహ్నానికే వెనక్కి వచ్చేస్తారు. మీరు మధ్యాహ్నం మొదలుపెట్టండి. ముందు అన్నీ దాటుకుంటూ చివరి గుహకు పోయి, తిరుగుదారిలో నింపాదిగా చూసుకుంటూ, పొద్దు వాలేసరికి పెద్ద గుహ ముఖద్వారం దగ్గర కూర్చోండి.

మధ్యాహ్నం 12 గంటలకు తినేసి, ఆఫీసులో పేర్లు రాయించి, చీకటి పడేదాకా గుహ దగ్గర ఉంటామని చెప్పండి. ఆ రోజు నియమం ఏమిటో వాళ్ళు చెప్పినట్టే చేయండి. తర్వాత నియా ఏరు దాటాలి. మోటారు పడవలో కొద్ది నిమిషాలే. దిగే ముందు పడవవాడితో తిరుగు టైము ఖాయం చేసుకోండి. రాత్రి 7 గంటల 30కి వస్తాం, ఎంత ఇవ్వాలి అని అడిగి, ఆయన ఫోను నంబరు తీసుకోండి. ఈ ఒక్క పని మరిచిపోతే చీకట్లో ఏటి గట్టున నిలబడాల్సి వస్తుంది. ఈదుకుంటూ పోవచ్చులే అని ఎవరూ అనుకోకండి, ఈ ఏట్లో మొసళ్ళున్నాయి.

అవతలి గట్టున మ్యూజియం ఉంది. దానికి అరగంట ఇవ్వండి. గుహలో రాత తక్కువ. ఏ గుంత ఏమిటో ఇక్కడే అర్థం చేసుకుని పోవాలి.

అక్కణ్ణుంచి 3 కిలోమీటర్ల పైచిలుకు చెక్కదారి. నేలకు కొంచెం ఎత్తులో పలకలు పరిచిన బాట అది. సారవాక్‌లో ఇలాంటి పనులకు పేరుపడ్డ కలప బెలియన్. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు, చెదలు పట్టవు. మన శేషాచలంలో ఎర్రచందనానికి ఎంత పేరుందో అక్కడ బెలియన్‌కు అంత పేరు. అయితే ఎర్రచందనం ఎండలో, రాళ్ళల్లో పెరిగే చెట్టు. ఇక్కడ నేల ఎప్పుడూ తడే, చెట్ల వేళ్ళు గోడల్లా లేచి ఉంటాయి. వాన పడ్డాక పలకల మీద పచ్చటి పొర కనిపిస్తే ఆ పలక మీద పాదం పూర్తిగా ఆనించి, చిన్న అడుగులు వేయండి. మడమతో పడితే జారుతుంది. కోతులు ఎదురైతే తిరుమల మెట్లదారిలో ఎలా ఉంటారో అలాగే: చేతిలో కవరు కనిపించకూడదు, కళ్ళల్లోకి చూడకూడదు. మామూలు నడకకు ఈ దారి గంటలోపే. దారి మధ్యలో ఇబాన్ల పొడవాటి ఉమ్మడి ఇల్లు (లాంగ్‌హౌస్) వైపు చీలే చోట ఆడవాళ్ళు నీళ్ళు, చేతిపని వస్తువులు పెట్టి కూర్చుంటారు. కొనేది ఉంటే వెళ్ళేటప్పుడే కొనండి, తిరిగొచ్చేసరికి సర్దుకుని వెళ్ళిపోతారు.

చెక్కదారి చివర మొదట వచ్చేది వ్యాపారుల గుహ. అక్కడ గుడిసెల అస్థిపంజరాల్లా కర్ర గుంజలు నిలబడి ఉంటాయి. పక్షిగూళ్ళు, గబ్బిలాల పెంట కొనేవాళ్ళు ఒకప్పుడు కాపురం ఉండి బేరాలు చేసిన చోటది. పైన కొండే కప్పు, వాన తగలదు. అందుకే గుంజలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఆగకండి.

తర్వాత పెద్ద గుహ. పడమటి ముఖద్వారం 60 మీటర్లకు పైగా ఎత్తు, 250 మీటర్ల దాకా వెడల్పు. శ్రీకాళహస్తి రాజగోపురాన్ని తెచ్చి నిలబెట్టినా పైన ఖాళీ మిగులుతుంది. మన కొండల్లో ఇంత గుహ ఎందుకు లేదని అడిగేవాళ్ళకు జవాబు రాతిలో ఉంది. శిలాతోరణం చూడండి, ఆ క్వార్ట్‌జైట్ వంద కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. నీళ్ళు దాన్ని తొలుస్తాయి, విరుస్తాయి గానీ కరిగించలేవు. సుబిస్ కొండది సుమారు 2 కోట్ల ఏళ్ళ సున్నపురాయి, సముద్రంలో పగడాలూ గవ్వలూ పేరుకుని అయినది. వాననీళ్ళలో ఉండే కొద్దిపాటి ఆమ్లానికే అది కరిగిపోతుంది. మన బెలూం గుహలు కూడా సున్నపురాతిలోనే ఏర్పడ్డాయి.

ఇక్కడ టార్చి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని లోపలికి దిగండి. మెట్లు దిగి, ఎక్కి, కాలిన గుహ అనే చోటు దాటి, గాన్ కిరా అనే చంద్రగుహలోకి పోతారు. ఇక్కడ కటిక చీకటి. అందరూ ఒక నిమిషం టార్చీలు ఆపి నిలబడండి. పైనుంచి టిక్‌టిక్‌మని చప్పుడు వినిపిస్తుంది, గోళ్ళతో చెక్క మీద తట్టినట్టు. అవి పిచ్చుకంత ఉండే స్విఫ్ట్‌లెట్ పిట్టలు. గబ్బిలం అరుపు మన చెవికి అందదు, ఈ పిట్టల చప్పుడు అందుతుంది. ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టే చీకట్లో తమ గూడు వెతుక్కుంటాయి. టార్చి పైకి కొట్టి వాటిని బెదరగొట్టకండి, నోరు తెరిచి పైకి చూడకండి. టోపీ ఉన్నది ఇందుకే.

కమ్మీ పట్టుకునే ముందు వెలుగు వేసి చూడండి. పెంట జిగట ఒక్కటే కాదు, జెర్రులు, గుహ మిడతలు కూడా దాని మీదే పాకుతుంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్ళు ముందే డాక్టరును అడగాలి. ఎండిన పెంట దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే హిస్టోప్లాస్మా అనే బూజు ఉండొచ్చు. చిన్నపిల్లల్ని పెద్ద గుహ దగ్గరే ఒకరితో కూర్చోబెట్టడం మంచిది.

చంద్రగుహ అవతలి పక్కన వెలుగులోకి వచ్చి, అడవిలో కొద్దిదూరం నడిస్తే బొమ్మల గుహ. పెద్ద గుహ ముఖం దగ్గర్నుంచి ఇక్కడికి 40 నిమిషాలు, నెమ్మదిగా నడిస్తే గంట. మధ్యాహ్నం 3 గంటలకు ఇక్కడ ఉంటే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టు. చాలామంది ఇక్కడ నిరాశపడతారు, ఏముంది ఎర్ర మరకలు తప్ప అని. కంచె అవతల, దూరంగా, వెలిసిపోయి ఉంటాయి. బైనాక్యులర్ తీయండి. ముందు ఒక ఎర్ర గీత పట్టుకోండి, కింద వంపు తిరిగి రెండు చివరలా పైకి లేచిన గీత. అది పడవ. పడవ దొరికాక దాని మీద నిలబడ్డ మనుషులు ఒక్కొక్కరే కనిపిస్తారు, చేతులు చాచి ఉంటారు. ఎర్ర ఇనుపరాయి నూరి వేసిన రంగు అది. సుమారు 1,200 ఏళ్ళ నాటివని అంచనా. ఇది శ్మశానం కూడా. పడవ ఆకారంలో తొలిచిన కర్ర పెట్టెల్లో చనిపోయినవాళ్ళను పెట్టి ఇక్కడ ఉంచేవారు. గోడ మీద ఎందుకు పడవలు గీశారో నేల మీద దొరికిన పెట్టెలు చెప్పాయి. ఇక్కడ గట్టిగా మాట్లాడకండి, నేల మీది గవ్వ ముక్కైనా తీయకండి.

3 గంటల 45కు వెనక్కి తిరగండి. ఇప్పుడు తొందర లేదు. పెద్ద గుహలో కప్పు నుంచి కిందికి వేలాడే సన్నటి పొడుగు కర్రలు చూడండి. గూళ్ళు తీసేవాళ్ళు ఎక్కేది వాటి మీదే. స్విఫ్ట్‌లెట్ ఉమ్మితో కట్టుకునే గూటిని చైనీయులు సూపులో వాడతారు. ఇక్కడ ఎక్కువగా దొరికే నల్ల గూళ్ళలో ఉమ్మితో పాటు ఈకలు కలిసి ఉంటాయి, అవి ఒక్కొక్కటిగా ఏరాలి. ఆ ఒంటి కర్ర మీద మనిషి పైకి పోయి, తలకు కట్టుకున్న దీపంతో గూడు గీకుతాడు. పైన చీకట్లో వెలుగు చుక్క కదులుతూ కనిపించి, అక్కణ్ణుంచి మాటలు వినిపిస్తే పని జరుగుతున్నట్టు. వాళ్ళ కింద నిలబడకండి, ఫోటోకు ముందు అడగండి.

5 గంటలకల్లా పడమటి ముఖద్వారానికి చేరండి. అక్కడ కంచె కట్టిన తవ్వకం గుంత కనిపిస్తుంది. ఎక్కువమంది చూడకుండా దాటిపోయేది దీన్నే. 1958లో టామ్ హారిసన్, బార్బరా హారిసన్‌ల తవ్వకంలో డీప్ స్కల్ అని పిలిచే మనిషి పుర్రె ఇక్కడే బయటపడింది. దాని దగ్గరి బొగ్గును పరీక్షిస్తే సుమారు 40,000 ఏళ్ళని తేలింది. ఆగ్నేయాసియాలో మనలాంటి మనిషి అంత ముందే ఉన్నాడని అప్పట్లో నమ్మలేకపోయారు. తర్వాతి తవ్వకాలు కూడా దాని ప్రాచీనతను బలపరిచాయి. గుంత గోడలో మట్టి పొరలు రంగు మారుతూ పోవడం గమనించండి. పొద్దు వాలే వెలుగు పక్కగా పడినప్పుడు అవి బాగా తెలుస్తాయి. ఈ ద్వారం పడమరకు ఉండటం వల్ల వెలుగు లోపలిదాకా వస్తుంది, వాన రాదు, కింద ఏరు, చుట్టూ అడవి. అక్కడ కూర్చుని ఒకసారి చుట్టూ చూస్తే వాళ్ళు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ వివరించక్కర్లేదు.

సూర్యాస్తమయం అక్కడ ఏడాది పొడుగునా దాదాపు 6 గంటల 5 నుంచి 45 నిమిషాల మధ్యే. 5 గంటల 45 నుంచి ఆకాశం వైపు చూడండి. మేతకు పోయిన పిట్టలు గుంపులు గుంపులుగా లోపలికి వస్తుంటాయి. అదే వేళకు గబ్బిలాలు బయటికి బయల్దేరతాయి. పగటి పాళీ దిగుతుంటే రాత్రి పాళీ ఎక్కుతున్నట్టు, ఒకే ద్వారంలో రెండు గుంపులూ ఎదురెదురుగా పోతూ ఒకదాన్నొకటి తాకవు. వాన పడుతుంటే గబ్బిలాలు ఆలస్యంగా, కొద్దిగానే వస్తాయి. అది చూసుకుని సాయంత్రం నిర్ణయించుకోండి. ఫ్లాష్ వాడకండి.

6 గంటల 30కి లేవండి. చీకటి చెక్కదారిలో ఒకరి వెనక ఒకరు, టార్చి మీ పాదాల ముందు రెండడుగుల దూరంలో పడేలా నడవండి. ఎక్కువ వయసువాళ్ళు వరుస మధ్యలో ఉండాలి, చివర ఉండేవాళ్ళు వెనక్కి లెక్క చూసుకుంటూ రావాలి. చెక్కల మీద వెలిగే పుట్టగొడుగులు, కర్రపురుగులు కనిపిస్తే ఆగి చూడండి, చేత్తో ముట్టకండి.

తిరిగొచ్చాక

బూట్లు, గ్లవ్స్, గుహలో వేసుకున్న బట్టలు మిగతా వాటితో కలపకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టండి. గదిలోనే సబ్బుతో బూటు సోలు బ్రష్ వేసి కడిగి, ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి. ఎండిన పెంట దులిపితే ఆ దుమ్ము గదంతా లేస్తుంది, అందుకే దులపకుండా తడిపి కడగాలి. తల స్నానం ఆ రాత్రే చేయండి.

ఊరికి వచ్చిన నెల రోజుల్లోపు జ్వరం, పొడి దగ్గు, ఛాతీలో పట్టేసినట్టు ఉంటే మామూలు వైరల్ జ్వరమని ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకండి. గుహ దుమ్ములోని బూజు సంగతి పైన చెప్పాం. పైగా సారవాక్ అడవుల్లో కోతుల నుంచి దోమల ద్వారా మనిషికి వచ్చే మలేరియా ఉంది, నోలెసి అంటారు. అది వేగంగా ముదురుతుంది. తిరుపతిలో, చిత్తూరులో ఏ డాక్టరూ మీరు చెప్పకుండా దాని గురించి ఆలోచించరు. బోర్నియో అడవికి పోయివచ్చాం, గబ్బిలాల గుహలో గంటల తరబడి ఉన్నాం అని, ఏ తేదీన పోయారో ఏ తేదీన వచ్చారో కాగితం మీద రాసి ఇచ్చి, మలేరియా పరీక్ష అడిగి చేయించుకోండి.